పన్నెండు పాయింటు సున్నా ఎనిమిది

ఆరో తరగతి, రెండో పీరియడ్.
నల్లబల్ల మీద రెండు సంఖ్యలు రాసి పక్కకు జరిగిన:
0.5
0.45
ఏది పెద్దది?

క్లాసు క్లాసంతా ఒకటే గొంతు:
"నలభై ఐదు సార్!"
తిరుమలేషైతే బెంచీ ఎక్కి నిలబడ్డడు,
ఐదుకూ నలభై ఐదుకూ పోటీ ఏందన్నట్టు.

తప్పు వాళ్లది కాదు.
అంకెలు ఎక్కువుంటే సంఖ్య పెద్దదని
ఐదేండ్లు చెప్పింది మేమే.
ఇయ్యాల ఒక చుక్క పెట్టి
ఆ మాట మెల్లగ వెనక్కి తీసుకుంటున్నం.
చుక్క అవతల పొడుగు చెల్లదు,
మొదటి గడపల నిలబడ్డదెవరో
ముందు వాళ్లనే అడగాలె.

మా అన్న కొత్తవాడల జంపఖానాలు నేస్తడు.
మగ్గం కింద మిగిలిన ఎర్రదారం
రెండు మీటర్లు జేబుల పెట్టుకొచ్చిన.
కిటికీ చువ్వకు సున్నా, బీరువా పిడికి ఒకటి.
నడుమ తొమ్మిది ముళ్లు.
"పది భాగాలైతే పది ముళ్లుండాలె గద సార్?"
ఆ పంచాయితీకే సగం పీరియడ్ పోయింది.

0.45 చీటీ పట్టుకొని
తిరుమలేష్ బీరువా దిక్కు గట్టిగ నడిచిండు.
నాలుగో ముడి దాటిండు,
ఐదోది అందకముందే ఆగిండు.
"గింత పేరు పెట్టుకొని
గీడనే ఆగిపాయె" అని
చీటీనే తిట్టిండు.
0.50 వచ్చి 0.5 నెత్తిమీదనే వేలాడింది.
0.05 ఏమో కిటికీ దగ్గరికి పోయి
ముడుచుకొని కూసున్నది.
వెనకొచ్చిన సున్నాకు బరువు లేదు,
ముందొచ్చిన సున్నా మనిషిని ఎంత దూరమైనా నెడుతది.

అప్పుడు లేచింది బానోతు సురేఖ.
నాలుగు రోజుల తర్వాత బడికొచ్చిన పిల్ల,
వేళ్ల కొసలకు పత్తికాయ గీరుకున్న గీతలు.
కంపాస్ పెట్టెల నుంచి మడతచీటీ తీసింది.
తేమ శాతం, ఐదు బస్తాల సగటు:
12.08

"సార్, ఇది పన్నెండు కన్న పెద్దదా?
పన్నెండు దాటితే కొనమన్నరంట.
మా నాయిన ఎనుమాముల యార్డుల
రెండు రాత్రులు బస్తాల మీదనే పండుకున్నడు."

దారానికి పేర్లు మార్చినం.
కిటికీ పన్నెండైంది, బీరువా పదమూడు.
నూరు భాగాలల్ల ఎనిమిది,
మొదటి ముడి దాకా కూడ రాలే.
సురేఖ చెయ్యి చాపి కొలిచింది,
సరిగ్గ ఆమె జానెడు.
"గింతనేనా సార్?"

గింతనే.
"పెద్దదేనమ్మా" అన్న.
జవాబు సరైనదే.
ఎన్నేండ్లుగనో టిక్కులు పెట్టిన చెయ్యి
ఆ చీటీ మీద పెట్టలేకపోయింది.

ఎవరూ మాట్లాడలే కాసేపు.
తర్వాత తిరుమలేషే:
"ఇంకో ఎండ తగిలితే దిగుతది గద సార్?
11.9 అయినా చాలు.
11.75 అయితే ఇంకా తక్కువ, ఇంకా మంచిది."

పొద్దున బెంచీ ఎక్కి అరిచిన పిలగాడు,
డెబ్బై ఐదు తొమ్మిది కన్న చిన్నగ పడే జాగా ఒకటుందని
ఎవరూ అడగకుండనే చెప్పిండు.
నేను శభాష్ అనలే.
అనేటందుకు గొంతు దొరకలే.

కిటికీ పదకొండైంది, బీరువా పదమూడు.
నడిమి ముడి పన్నెండు.
పిల్లలు చీటీలు వరసగ తగిలించిండ్రు:
11.75, 11.9, 12, 12.08
చిన్న సంఖ్య గెలవాలని
క్లాసంతా కోరుకున్న రోజు అదొక్కటే.

సాయంత్రం నర్సంపేట బస్సుల
సీట్ల మీద, నా అంగీ మీద పత్తి నూగు.
ఇల్లు చేరేసరికి మబ్బు పట్టింది.
దశాంశాలు తెలిసినోణ్ని,
రాత్రి మూడుసార్లు లేచి
ఆకాశం చూసిన.